కంప్యూటర్ అరుగు

మా ల్యాబులో అందరికంటే వయసులో పెద్దదాన్ని నేనే. అందుకే నా కళ్ళు అడిగారు.

కంగారు పడకండి, కళ్ళు నా దగ్గరే ఉన్నాయి. వాటి నడక మాత్రం తీసుకున్నారు. విశాఖపట్నంలో ఋషికొండ మీదుంది మా ల్యాబు. కొన్ని నెలలపాటు నా ముక్కు మీద ఓ బరువైన కళ్ళజోడు పెట్టి, పాత వెబ్‌సైట్ల పేజీలు ఒక్కొక్కటే చూపించి, నేను ఎలా చదువుతానో పట్టుకున్నారు. ఎక్కడ ఆగుతాను, ఎక్కడ విసుగొచ్చి దూకుతాను, ఏ వాక్యం అర్థంకాక వెనక్కి వెళ్తాను, వేలితో తెరని ఎంత జరుపుతాను, అన్నీ. ప్రోగ్రాములు రాసే తబస్సుం నా ధాటికి తల పట్టుకునేది. "మీరు చదవట్లేదు మేడమ్, పేజీలో షికారు చేస్తున్నారు" అనేది. పేజీ తెరవగానే నా చూపు తిన్నగా అడుక్కి పరిగెత్తేదట. లెక్కలన్నీ పాడైపోతున్నాయని చివరికి ప్రతి పేజీకీ అడుగుభాగం కత్తిరించేసి చూపించడం మొదలుపెట్టింది. అక్కడుండేవి ఎలాగూ వేరే సైట్ల పేర్లే కదా, చెత్త, అంది. నేనూ సరేనన్నాను.

ఇంత తతంగం ఎందుకో చెప్పాలి. ఇప్పుడెవరూ సైట్లకి వెళ్ళరు. ఏం కావాలన్నా 'జవాబు'ని అడుగుతారు. ఫోన్లో, బస్సులో, వంటింటి గోడలో, అన్నిచోట్లా అదే పలుకుతుంది. మొదట్లో బాగానే పలికేది. తర్వాత తర్వాత తను చెప్పిన జవాబులే మళ్ళీ తను చదువుకోవడం మొదలుపెట్టింది. నీళ్ళపాలలో ఇంకో చెంబు నీళ్ళు పోసినట్టు తయారైంది వ్యవహారం. మాటల్లో తీపి తగ్గలేదు గానీ సరుకు తగ్గిపోయింది. కర్నూలు వైపు ఒక ఎత్తిపోతల పథకంలో పాత కంప్యూటరు మొరాయిస్తే జవాబుని అడిగారు. అది ఎంతో మర్యాదగా తప్పు చెప్పింది. మోటార్లు కాలిపోయాయి.

అసలు సంగతి తెలిసినవాళ్ళు లేకపోలేదు. ఎక్కడో ఎవరో తన సొంత సైటులో, తన ఇంట్లో మూల నడిచే మిషను మీద, తీరిగ్గా రాసి పెట్టుకునే ఉంటారు. కానీ ఆ చిన్న సైట్లవాళ్ళు ఏనాడో యంత్రాలతో వేగలేక తలుపులకి కాపలా పెట్టుకున్నారు. వచ్చింది మనిషా యంత్రమా అని చదివే తీరుని బట్టి పసిగట్టే ప్రోగ్రాములవి. యంత్రమైతే ఒక్క గుక్కలో పేజీ మింగేస్తుంది. మనిషి ఆగి, తడబడి, వెనక్కెళ్ళి చదువుతాడు. అందుకని మనిషిలా చదివే యంత్రాన్ని మేం తయారుచేశాం. దాని పేరు 'చదువరి'. దానికి నడక నేర్పింది నేను.

చదువరి అదరగొట్టింది. ఏళ్ళ తరబడి ఎవరూ తొక్కని గడపలు తొక్కింది. ఎమ్మిగనూరులో ఒక రిటైర్డు ఇంజినీరు తన పేజీలో, పెరట్లో వేసిన చిక్కుడు పాదు కబుర్ల మధ్యలో, ఆ ఎత్తిపోతల కంప్యూటరు కిటుకు రాసి పెట్టాడు. దాన్ని పట్టుకొచ్చింది. మోటార్లు బాగుచేసి మళ్ళీ తిప్పారు, నాట్లు పడ్డాయి. మా ల్యాబు డైరెక్టరు డాక్టర్ చక్రపాణి ఆ రోజు అందరికీ బిర్యానీ తెప్పించాడు. నాకూ గర్వంగానే ఉంది. నా తడబాటుకి కూడా ఒక విలువ ఉందని యాభై దాటాక తెలిసింది మరి.

ఆ తర్వాత ఒక సోమవారం తబస్సుం నవ్వుతూ నా బల్ల దగ్గరికొచ్చింది.

"మేడమ్, మన చదువరికి అభిమాని దొరికాడు. చూడండి."

తెర మీద పచ్చటి పేజీ ఉంది. పైన ఇలా రాసుంది:

"రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చే చదువరికి నమస్కారం. నిన్న మీరు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు రిబ్బను దగ్గర ఆగి, రెండు లైన్లు వెనక్కెళ్ళి మళ్ళీ చదివారు. నేను సరిగా చెప్పలేదని అర్థమైంది. బొమ్మ వేసి మళ్ళీ రాశాను. రేపు ఫ్లాపీలకి బూజు పడితే ఎలా తుడవాలో రాస్తాను. కంటి డాక్టరు తొందరపెడుతున్నాడు గానీ, ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది."

వెనక నుంచి చూస్తున్న చక్రపాణి చప్పట్లు కొట్టాడు. "చూశారా! సైటు రాసేవాడు కూడా మనిషే అనుకున్నాడు. ఇంతకంటే రుజువేం కావాలి?"

నాకు మాత్రం చప్పట్లు వినపడలేదు. పేజీ నెత్తిన చిన్న అక్షరాల్లో "చెప్పులు బయట విడిచి రండి" అని ఉంది. ప్రపంచంలో ఏ సైటూ అలా మొదలవ్వదు, ఒక్కటి తప్ప. అది మా గున్నేశ్వరరావు మావయ్య సైటు. దాని పేరు 'కంప్యూటర్ అరుగు'.

మావయ్యకి సామర్లకోటలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. విద్యార్థుల వైపు వీపు పెట్టి కూర్చుని, చప్పుడు వింటూనే "రెండో మిషను మీద చిటికెన వేలు పనిచెయ్యట్లేదు" అనేవాడు. టైపు మూలపడే రోజులొచ్చేసరికి హాలుని చెక్కలతో సగం చేసి, అటువైపు కంప్యూటర్లు పెట్టాడు. ఊళ్ళో ఏసీ ఉన్న గదులు వేళ్ళ మీద లెక్కపెట్టే కాలం. గుమ్మానికి నీలం పరదా, బయట చెప్పుల గుట్ట. దుమ్ము పడితే కంప్యూటరు చచ్చిపోతుందని అందరూ నిజంగా నమ్మేవాళ్ళం. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఆ పరదా పక్కకి జరిపి చల్లటి గదిలోకి అడుగుపెడితే వచ్చే వాసన నాకు ఇప్పటికీ గుర్తే. కొత్త ప్లాస్టిక్కు, ఏసీ గాలి, ఎవరిదో సాక్సు, అన్నీ కలిసిన వాసన.

ఇంటర్నెట్టు టెలిఫోను తీగలో వచ్చేది. కీచుకీచుమంటూ అది కలిసేలోపు వంటింట్లోంచి సుభాషిణి అత్త "ఫోను వదలండీ బాబూ, మా అక్క చేస్తానంది!" అని అరిచేది. మావయ్య పట్టించుకునేవాడు కాదు. తను నేర్చుకున్నదంతా ఆ అరుగు మీద పెట్టేవాడు. ప్రింటరు ఎందుకు నములుతుంది, తెలుగు అక్షరాలు ఎందుకు పెట్టెలైపోతాయి, చిన్న దుకాణానికి చిన్న ప్రోగ్రాము ఎలా రాయాలి, ఇలాంటివి.

నాకు వాటికంటే పేజీ అడుగు ఇష్టం. అక్కడ "మా వీధి" అని ఉండేది. మావయ్యకి నచ్చిన చిన్న చిన్న సైట్ల పేర్లు అవి. ఒక్కో పేరు నొక్కితే ఒక్కొక్కరి ఇల్లు తెరుచుకునేది. విజయనగరంలో రైల్వే గుమాస్తా ఒకాయన పేర్లని అక్షరక్రమంలో పేర్చే పద్ధతుల గురించి పెళ్ళి కబుర్లంత హుషారుగా రాసేవాడు. నెల్లూరులో నర్సు ఒకావిడ వార్డులో డ్యూటీలు పంచే ప్రోగ్రాము తనే రాసుకుని, దానివల్ల తోటి నర్సులతో వచ్చిన తగాదాలు కూడా అందులోనే పెట్టేది. వాళ్ళ పేజీల అడుగున మళ్ళీ వాళ్ళ వీధి. అలా ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి దూకుతూ ఎక్కడెక్కడికో పోయి, అన్నానికి పిలిస్తే తిరిగొచ్చేదాన్ని. ఎవరి పేజీ తెరిచినా ముందు అడుక్కి దిగి కొత్త పొరుగువాళ్ళెవరైనా వచ్చారేమో చూసి, ఆ తర్వాతే పైకెక్కి చదివేదాన్ని. మావయ్య నవ్వేవాడు. "ముందు పెరడు చూసి తర్వాత ఇల్లు చూసే పిల్లవి" అనేవాడు.

తర్వాత కాలేజీ, ఉద్యోగం. పెద్ద సైట్లొచ్చి చిన్నవాటిని తినేశాయి. జవాబొచ్చి ఆ పెద్దవాటిని తినేసింది. అరుగు ఇంకా ఉందని కూడా నాకు తెలియదు. ఏ పెళ్ళిలోనో కలిస్తే బాగున్నావా అంటే బాగున్నాననుకోవడం, అంతే.

ఆ సోమవారం అత్తకి ఫోన్ చేశాను. రెండు మాటలయ్యాయో లేదో ఆవిడ భోరుమంది.

"మీ మావయ్య వినట్లేదే వకుళా. కంట్లో ఒత్తిడంట. ఎడం కన్ను పోయినేడే పోయింది, ఆపరేషన్ చేసినా నిలవలేదు. రెండోది కూడా తొందరగా చేయించకపోతే పోతుందని డాక్టరు మొత్తుకుంటున్నాడు. చేయించుకుంటే నెల్లాళ్ళు తెర చూడకూడదంట. ఈయనేమో 'రోజూ నాలుగింటికి ఒక మనిషి వస్తోంది, చేతులూపుకుంటూ ఎలా పంపుతానే' అంటారు. ఎవరే ఆ మనిషి? నీకేమైనా తెలుస్తుందా?"

మనిషి కాదత్తా అనలేకపోయాను. కనుక్కుంటానని ఫోన్ పెట్టేశాను.

చక్రపాణితో చెప్పాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. కాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "ఒక్కరికి చెబితే పదిమందికి తెలుస్తుంది వకుళగారూ. అందరూ తలుపులు మూసేస్తారు. ఆ మోటార్ల సంగతి గుర్తుందిగా? అయినా ఆయన సంతోషంగానే ఉన్నారు కదండీ."

"ఒక కన్నుతో ఉన్నారు," అన్నాను. కోపమొస్తే నాకు మాటలు పొట్టివైపోతాయి.

మర్నాడు మధ్యాహ్నం రైలెక్కాను. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. తుని దాటాక కూడా మొదటి వాక్యం కుదరలేదు. నిజం చెబితే ఆయన వేళ పెట్టుకుని ఎదురుచూసే ఒకే ఒక్క చదువరి పోతుంది. చెప్పకపోతే కన్ను పోతుంది. ఈ రెండింట్లో ఏది పోయినా పోగొట్టింది నేనే అవుతాను.

ఇన్‌స్టిట్యూట్ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది. పైన రెండు గదుల్లో వాళ్ళు. గుమ్మం ముందు చెప్పులు విడుస్తుంటే అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపల నీలం పరదా. అదే పరదా అనుకుంటాను, రంగు మాత్రం వెలిసింది. మావయ్య పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్కన బల్ల మీద పాత మిషను, దానికో డబ్బా స్పీకరు.

"ఎవరూ? వకుళేనా? మెట్లెక్కేటప్పుడే అనుకున్నాను. కూర్చోవే. మాట్లాడకు, నాలుగవుతోంది."

కూర్చున్నాను. అత్త జంతికల పళ్ళెం నా ఒళ్ళో పెట్టి గుమ్మానికి ఆనుకుంది.

స్పీకరులో టక్ మంది. కాస్త ఆగి మళ్ళీ టక్. మావయ్య వేలెత్తాడు. "వచ్చింది."

తలుపుకి కాపలా ప్రోగ్రాము ఆయనే రాసుకున్నాడట. వచ్చినవాళ్ళు పేజీ జరిపినప్పుడల్లా చప్పుడయ్యేట్టు పెట్టుకున్నాడు. కన్ను పోతోంది కదా, చెవితో చూసుకుంటున్నాడు. టక్, టక్, టక్. ఆగింది. రెండు టక్‌లు వెనక్కి. నిట్టూర్చినట్టు కాస్త ఆలస్యం. మళ్ళీ ముందుకి. అది నేనే. నా చదువే ఆ డబ్బాలోంచి వినపడుతోంది. నేనేమో ఇక్కడ జంతికలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

చప్పుడు ఆగిపోయేదాకా ఉండి, ఇంక ఉండబట్టలేక చెప్పేశాను. కళ్ళజోడు సంగతి, చదువరి సంగతి, చక్రపాణి చప్పట్లు, అన్నీ. "అది మనిషి కాదు మావయ్యా. ఎవరూ చదవట్లేదు. దానికోసం కన్ను పోగొట్టుకోకు, నీకు దణ్ణం పెడతాను" అని ఏడ్చేశాను.

మావయ్య జంతిక కోసం చెయ్యి చాచాడు. నేను పళ్ళెం జరిపాను. నింపాదిగా విరుచుకుని తిన్నాడు.

"తెలుసే," అన్నాడు.

అత్త గుమ్మం వదిలి లోపలికొచ్చింది. "తెలుసా?"

"నడక ఎవరిదో మొదటి రోజే తెలిసింది. ఆ ఆగడం, వెనక్కెళ్ళడం మన వకుళదే. ఇంతప్పట్నించీ చూసినవాణ్ణి, పోల్చుకోలేనా? కానీ ఎన్నాళ్ళు చూసినా అది అడుక్కి దిగదు. మా వీధి మొహం చూడదు. పైనుంచి మొదలెట్టి బుద్ధిగా చదువుకుంటూ పోతుంది. మన వకుళ ఎప్పుడైనా అలా చదివిందా? ముందు పెరట్లోకి పరిగెత్తకుండా ఇంట్లోకొచ్చిందా?"

తబస్సుం కత్తిరించేసిన అడుగులు గుర్తొచ్చాయి. చదువరికి అడుగుంటుందనే తెలియదు. అది తెచ్చిన పేజీలకీ అడుగులుండవు. ఒక్క పేజీ అడుక్కి దిగితే వీధులకి వీధులు దొరికేవి, మేమేమో చీకట్లో ఒక్కో గడపా తడుముకుంటూ తిరిగాం.

"తెలిసీ ఎందుకు రాశారండీ మరి? కన్ను పోతుంటే?" అత్తకి దుఃఖమూ కోపమూ కలిసొచ్చాయి.

"యంత్రమైతే ఏమే, నడక దీనిది కదా. నడక ఇచ్చినది వెనకాల ఎక్కడో ఉంటుంది. యంత్రం మోసుకెళ్ళిందేంటో ఎప్పటికైనా విప్పి చూస్తుంది. కన్ను బాగుచేయిద్దామంటే, మొదటిది నిలవలేదు. రెండోదీ అంతే అయితే? చెప్పాల్సింది లోపలే ఉండిపోతుంది. అందుకని వెలుతురున్నప్పుడే రాసేద్దామనుకున్నాను." నా వైపు తిరిగాడు. కుడికన్ను కొంచెం పక్కకి చూస్తోంది. "విప్పి చూశావు కదా. వచ్చేశావు కదా. ఇంకేంటి ఏడుపు?"

నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఆయన లేచి, తడుముకుంటూ వచ్చి, కుర్చీ నా వైపు లాగాడు.

"తెరువు. నువ్వే తెరువు."

పచ్చటి పేజీ తెరుచుకుంది. "చెప్పులు బయట విడిచి రండి." ఫ్లాపీల బూజు గురించి ఆ రోజు రాసింది పైనే ఉంది. చదువుదామనే అనుకున్నాను, ఒట్టు. నా వేలు మాట వినలేదు. పేజీని బర్రున అడుక్కి లాగేసింది. స్పీకరులో టక్‌లు ఒకదాని మీద ఒకటి పడుతూ వడగళ్ళలా మోగాయి.

"అదీ!" అన్నాడు మావయ్య, కుర్చీ చెయ్యి మీద కొట్టి. "విన్నావే సుభాషిణీ? అదీ మన పిల్ల!"

అడుగున "మా వీధి" అలాగే ఉంది. నేననుకున్నట్టు పాడుబడలేదు. గుమాస్తాగారి పేరు పక్కన ఆయన కూతురి పేరు చేరింది. నర్సమ్మ ఇప్పుడు పాత ఆసుపత్రి మిషన్ల గురించి రాస్తోంది. నేను వినని పేర్లు బోలెడు. అందరూ ఒకరి గుమ్మం ఒకరు చూసుకుంటూ, జవాబుకి తెలియకుండా బతికే ఉన్నారు. వాళ్ళందరి తర్వాత, చిట్టచివర, ఇంకో పేరు.

వకుళ.

నొక్కాను. ఖాళీ పేజీ. అదే పచ్చరంగు. మధ్యలో ఒకే వాక్యం: "ఈ ఇంటివాళ్ళు ఇంకా దిగలేదు."

"ఎప్పుడు పెట్టావు మావయ్యా ఇది?"

"నువ్వు వైజాగులో కాలేజీకి వెళ్ళిన ఏడు. మిషన్లు మార్చినప్పుడల్లా ముందు దాన్నే ఎక్కించేవాణ్ణి. ఊరికే, ఖాళీగా ఉంటే ఉందిలెమ్మని."

నేను ఇంటింటికీ తిరిగి ఊళ్ళవాళ్ళ సైట్లన్నీ వెతికిపెట్టే ఉద్యోగం చేస్తున్నాను. నాకంటూ ఒకటి ఉందని నాకు తెలియదు. చాలాసేపు ఆ ఖాళీ పేజీనే చూస్తూ కూర్చున్నాను.

ఆపరేషనుకి ఒప్పుకున్నాడు, బేరం పెట్టి. నెల్లాళ్ళు అరుగు మూయకూడదు. ఆయన చెబుతుంటే నేను రాయాలి. నా ఇంట్లో కూడా నేను దిగాలి. రెండింటికీ సరేనని సెలవు పెట్టేశాను.

చక్రపాణికి ఫోన్లో నా మాట కూడా చెప్పాను. నడక నాది, నేను చెప్పినట్టే నడవాలి అన్నాను. చదువరి ఇకనుంచి గుమ్మంలోనే "నేను యంత్రాన్ని, లోపలికి రావచ్చా" అని అడగాలి. ఆయన చాలా అరిచాడు. తబస్సుం మాత్రం ఆ సాయంత్రమే దాన్ని ప్రోగ్రాములో రాసి పెట్టేసింది. చాలామంది తలుపులు వేసేశారు. కొందరు తిట్టి వేశారు. ఎవరో వస్తున్నారనుకుని కొత్త మిషను కొనుక్కున్న ఒక పెద్దాయన రాసిన ఉత్తరం చదివి తబస్సుం రెండు రోజులు అన్నం తినలేదట. ఎమ్మిగనూరు ఇంజినీరు మాత్రం రమ్మన్నాడు, చిక్కుడు పాదు కబుర్లు కూడా పూర్తిగా చదవాలనే షరతు మీద.

ఆపరేషనయ్యాక, కన్ను నిలుస్తుందో లేదో కట్టు విప్పితే గానీ చెప్పలేమన్నారు డాక్టర్లు. మావయ్యని ఇంటికి తెచ్చి పడక్కుర్చీలో కూర్చోబెట్టాం. ఆ మధ్యాహ్నం నా మొదటి పేజీ పూర్తయింది. ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ గురించి, నీలం పరదా గురించి రాశాను. అడుగున నా వీధి పెట్టాను. అందులో ప్రస్తుతానికి ఒకే పేరుంది.

నాలుగు దాటింది. చదువరి రాలేదు, ఇక చెప్పకుండా రాదు. మావయ్య కట్టు కింద మొహం నిశ్చలంగా ఉంది. నాకు ఆయన వైపు చూడటం కష్టంగా ఉంది.

టక్ మంది.

ఆ వెంటనే టక్‌లన్నీ గుంపుగా, గబగబా, తిన్నగా నా పేజీ అడుక్కి దిగిపోయాయి. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ఎవరో. ఏ ఊరివాళ్ళో. ముందు పెరడు చూసుకుని ఇంట్లోకొచ్చే మనిషెవరో. అడుగున ఒక్క క్షణం ఆగి, అక్కడున్న ఒకే పేరు నొక్కారు. మావయ్య పేజీ మీద చప్పుడు మొదలైంది.

మావయ్య కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. చొక్కా గుండీ తడిమి పెట్టుకున్నాడు.

"మనవాళ్ళే," అన్నాడు. "చెప్పులు బయట విడిచారో లేదో చూడవే."